శిశువు మౌనం, పెద్దల బాధ్యత

శిశువు ఏడుపుకు భాష లేదు. ఆకలి, నొప్పి, చలి, ఒంటరితనం అన్నిటికీ అదొక్కటే ఉచ్చారణ. దాని అర్థాన్ని నిర్ణయించవలసినవారు పెద్దలే, తగిన ఉపాయాన్ని ఎంచవలసినవారూ పెద్దలే. నోట పోసినదాన్ని కాదనే శక్తి శిశువుకు లేదు. ఈ నిస్సహాయత నుంచే ఒక నైతిక ప్రశ్న ఉదయిస్తుంది. బిడ్డ ఊరుకున్నదంటే అది బిడ్డకు కలిగిన స్వస్థతా, లేక వినేవారికి దక్కిన ఉపశమనమా?

పంతొమ్మిదవ శతాబ్దపు పేటెంటు మందుల వ్యాపారం ఈ రెండింటికీ భేదం లేనట్లు చూపి లాభపడింది. 1849లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో వెలువడిన 'మిసెస్ విన్‌స్లోస్ సూదింగ్ సిరప్' పళ్ళు వచ్చే వయసు పిల్లలకు ఊరడింపుగా ప్రచారం పొందింది. అందులోని ముఖ్య ద్రవ్యం మార్ఫీను. సీసాపై తల్లీబిడ్డల బొమ్మ ఉండేదే గాని, విషం పేరు ఉండేది కాదు. 1906 నాటి అమెరికా చట్టం ఆ పేరును ముద్రించమన్నదే తప్ప అమ్మకాన్ని నిషేధించలేదు. 1911లో అమెరికన్ వైద్య సంఘం ఇటువంటి మందులను శిశుహంతకులుగా పేర్కొన్నది.

మన దేశంలో ఇందుకు సీసా కూడా అవసరం కాలేదు. పసిపిల్లలకు నల్లమందు పెట్టే అలవాటు అనేక ప్రాంతాలలో ఉన్నట్లు 1893లో నియమితమైన రాయల్ ఓపియం కమిషన్ ఎదుట సాక్ష్యాలు వచ్చాయి. బొంబాయిలో అది 'బాలగోలీ' రూపంలో అంగడికెక్కింది. మిల్లు కార్మిక స్త్రీలు బిడ్డకు నల్లమందు పెట్టి పనికి వెళ్ళేవారని 1920లలో జరిగిన విచారణలు వెల్లడించాయి. ఆ తల్లిని నిందించడం సులభం. పది గంటలు యంత్రం ముందు నిలబడవలసిన ఆమెకు బిడ్డను అప్పగించే చోటు ఎక్కడున్నదని అడగడం కష్టం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, యాభై మందికి పైగా స్త్రీలు పనిచేసే చోట శిశుసంరక్షణశాల ఉండాలని నిర్దేశించింది. నల్లమందుకు నిజమైన విరుగుడు నిషేధం ఒక్కటే కాదని, ఊయల కూడా కావాలని ఆ నిబంధన సూచిస్తుంది.

సంప్రదాయమైనంత మాత్రాన ఏదీ పరీక్షకు అతీతం కాదు. మాటలు బాగా రావాలని తెలుగిళ్ళలో వసకొమ్మును అరగదీసి బిడ్డ నాలుకకు రాసే ఆచారం ఉన్నది. వాగుడుకాయను వసపిట్ట అనడం అందరికీ తెలిసినదే. కాని వసలోని ఒక ద్రవ్యం జంతువులపై జరిపిన ప్రయోగాలలో హానికరమని తేలినందున, 1968లో అమెరికా దాన్ని ఆహారపదార్థాలలో వాడరాదన్నది. ఆప్యాయతతో ఇచ్చినదైనా, అమ్మకానికి పెట్టినదైనా ప్రమాణం ఒక్కటే కావాలి.

నేడు ప్రమాదం మత్తుపదార్థంతో ఆగలేదు. డైఇథిలిన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక ద్రావకం 1937లో అమెరికాలో వందమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆనాటి చట్టంలో దొరికిన నేరం ఒక్కటే: మద్యసారం లేని మందును 'ఎలిక్జిర్' అనడం! మరణాలకు శిక్ష లేకపోయినా పేరులోని తప్పుకు జరిమానా పడింది. అదే ద్రావకం 1986లో బొంబాయిలో 14 మందిని, 1998లో గుర్‌గావ్‌లో అనేకమంది పిల్లలను బలిగొన్నది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గుమందు తాగి ఇరవైమందికి పైగా పిల్లలు మరణించారు. ఆ మందు నమూనాలో ఈ ద్రావకం 48 శాతానికి మించి ఉన్నదని తమిళనాడు ప్రభుత్వ పరీక్షలో తేలింది. అనుమతించిన పరిమితి 0.1 శాతం మాత్రమే.

అండమాన్ దీవులలోని ఆస్టినాబాద్ వంటి చోట నివసించే తల్లికి సీసాలోని మందు సముద్రాలు దాటి వస్తుంది. దాన్ని చేసినవారిని ఆమె చూడలేదు, పరీక్షించిన ప్రయోగశాలను ఎరుగదు. ఆమె కొంటున్నది మందును మాత్రమే కాదు, ఎవరో తన పని సక్రమంగా చేశారన్న నమ్మకాన్ని కూడా. తెలుసుకోలేనివారి అజ్ఞానం క్షంతవ్యమే. తెలుసుకోగలిగి, తెలుసుకొనే అధికారం ఉండి, తెలుసుకోనివారి అజ్ఞానం మాత్రం అపరాధమే. తయారీదారు, తనిఖీ అధికారి, సంతకం చేసే ఉద్యోగి ఈ రెండవ కోవకు చెందుతారు.

చట్టాలు చాలావరకు మరణాల తరువాతే పుట్టాయి. మరణానికి ముందే మేలుకోవడం ఏ చట్టమూ పూర్తిగా శాసించలేని ధర్మం. శిశువు ఫిర్యాదు రాయలేడు. అందువల్ల ఆ ఫిర్యాదును ముందుగానే ఊహించి పనిచేయడమే పెద్దల కర్తవ్యం.