ఒంటికి శిక్ష

తగ్గిన ఎనిమిది కిలోలూ వడ్డీతో సహా తిరిగొచ్చాయి. సోమవారం నుంచి మళ్ళీ నిమ్మరసం, కీరాముక్కలే అని ఒట్టేసుకుని హుకుంపేట సంతకెళ్ళాను. అల్లం మూటతో కొండ దిగివచ్చిన ఒకావిడ చోడి అంబలి తాగుతూ నాకూ ఇవ్వబోయింది.

"వద్దు, లావవుతాను" అన్నాను.

"జబ్బా అమ్మా?" అంది జాలిగా.

నిజమే, ఏమిటి నా జబ్బు? 1945లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది యువకుల్ని ఆర్నెల్లు అర్ధాకలితో ఉంచి చూశారు. మళ్ళీ కడుపునిండా తిండి దొరికాక వారి ఒంట్లో కొవ్వు మునుపటికన్నా ఎక్కువే చేరింది. అంటే ఒళ్ళు మనకి ద్రోహం చెయ్యలేదు. కరువొస్తుందని భయపడి దాచుకుంది, అంతే. దాన్ని దొంగలా చూసి శిక్షిస్తున్నది మనమే. ఆకలేసి తిన్న పిల్లని కొడతామా, చెప్పండి? మితం వేరు, శిక్ష వేరు.

సోమవారం రానే వచ్చింది. పొయ్యి మీద అంబలి పెట్టాను.