వేధించింది యజమానే అయితే?



తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లలో, పప్పు మిల్లుల్లో పొద్దున్నే పనికెక్కే ఆడవాళ్లు ఎందరో. చాలాచోట్ల పట్టుమని పదిమంది కూడా ఉండరు. కూలి డబ్బులు చేతిలో పెడుతూ ఆ చెయ్యి వదలని మేస్త్రీ, 'మాట్లాడవేం?' అంటూ వెంటపడే సూపర్‌వైజరు... ఇవి సరసాలు కావు. పనిచోట వేధింపులపై వచ్చిన 2013 నాటి చట్టం దృష్టిలో లైంగిక వేధింపులే. తాకనక్కర్లేదు, పాడు మాటైనా, ఫోన్‌లో చూపించిన బొమ్మైనా చాలు.

పదిమంది ఉన్నచోట యజమానే కమిటీ వేయాలి. అంతకన్నా తక్కువైనా, వేధించింది యజమానే అయినా, జిల్లాలోని స్థానిక కమిటీ వినాలి. మండలంలోని నోడల్ అధికారి ఫిర్యాదు తీసుకుని 7 రోజుల్లో ఆ కమిటీకి పంపాలి. రాయడం రాదా? రాయించుకోవడానికి సాయం చేయాల్సింది కమిటీయే. ఫిర్యాదుకు గడువు 3 నెలలు, తగిన కారణముంటే మరో 3 నెలలు. 'ఊరుకో, పని పోతుంది' అనే ఇంటివాళ్ల వల్లే చాలాసార్లు ఆ గడువు దాటిపోతుంది. ఈ మాట కొందరికి కోపం తెప్పించినా సరే.

ఇక బడి. 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక వేధింపులైతే పోక్సో చట్టం వర్తిస్తుంది. తెలిసీ పోలీసులకు చెప్పని టీచరుది నేరమే. బడి పరువంటూ కప్పిపుచ్చిన పెద్దసారుకూ శిక్ష తప్పదు.

తల్లిదండ్రులారా, పిల్ల నోరు విప్పితే 'నువ్వేం చేశావ్?' అనకండి. ముందు వినండి. పిల్లలకైతే 1098కి, ఆడవాళ్లకైతే 181కి ఫోన్ చేయండి.