నడుము నొప్పియు న్యాయమును

వార్ధక్యమున నడుము నొప్పి సహజమని మనము తేలికగా ననుచుందుము. సహజమైనంత మాత్రమున నుపేక్షింపవచ్చునా? ఆకలియు సహజమే, అన్నము పెట్టకుండుట ధర్మమగునా?

ఆయుష్మాన్ భారత్ పథకము 2024 అక్టోబరు 29వ తేదీన 70 ఏండ్లు నిండిన వృద్ధులను ఆదాయముతో నిమిత్తము లేక చేర్చుకొనెను. ఏటికి కుటుంబమునకు 5 లక్షల రూపాయల చికిత్స! మెచ్చవలసిన కార్యమే. కాని యీ ధనము ఆసుపత్రిలో చేరినవారికే చెందును. చేరుటకు ముందు 3 దినములు, విడుదల పిమ్మట 15 దినముల వ్యయము మాత్రమే దానితో గూడును.

తీవ్రవ్యాధి కారణము కాని నడుము నొప్పికి వలసినది శస్త్రము గాదు. తగిన వ్యాయామము, దానిని ఓపికతో నేర్పు ఫిజియోథెరపిస్టు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు వ్యాయామమునే సూచించి, నడుము పట్టీలు వలదన్నది. ఇట్టి చికిత్సకు ఆసుపత్రిలో చేరనక్కఱలేదు గనుక కార్డు పనికిరాదు. కత్తికి సొమ్ము కలదు, కసరత్తుకు లేదు!

ప్రభుత్వాసుపత్రిలో నుచితమే యందురేమో. నడుము వంగిన యవ్వకు పట్టణమువఱకు బస్సు ప్రయాణమే పెద్ద రుసుము గదా! ఊరి ఆరోగ్యకేంద్రమునకు వారమున కొకదినము ఫిజియోథెరపిస్టు వచ్చిన నెంతయో మేలు. దానము గొప్పతనము మొత్తమున లేదు. బాధపడువాని గడపకు చేరుటయందున్నది.