తీసే ముందు తెలుసుకో



నీ ఉత్తరం, ఫొటోలు అందాయి. మీ నాన్న చిన్నప్పుడు అతికించిన స్పిట్‌ఫైర్ బొమ్మ విమానాన్ని బాగుచేయాలనుకోవడం చాలా సంతోషం. కానీ నెయిల్ పాలిష్ రిమూవర్‌తో పాత జిగురంతా ఒక్క పూటలో తుడిచేస్తానన్నావే, ఆ సీసా మూత తీయకు నాయనా. చాలా రిమూవర్లలో అసిటోన్ ఉంటుంది. నీ బొమ్మ పాలీస్టైరీన్ ప్లాస్టిక్. అసిటోన్ తగిలితే బొమ్మే కరిగిపోతుంది. పెట్రోలు, థిన్నర్ కూడా వద్దు.

ఎదుట ఉన్నదేమిటో తెలియకుండా దాని మీద చెయ్యి వేయకూడదు. రెక్క మొదట్లో కారి గట్టిపడిన ముద్ద మోడల్ సిమెంట్ అనే జిగురుది. ఆ సిమెంట్ రెండు ముక్కల అంచుల్నీ కరిగించి ఒకటి చేస్తుంది. అందులోని ద్రావకం ఆవిరయ్యాక మిగిలేది దాదాపుగా ప్లాస్టిక్కే. దాన్ని కరిగించేది రెక్కనూ కరిగిస్తుంది. కాబట్టి అరగదీయడం ఒక్కటే దారి. చాకు వీపుతో మెల్లగా గీకు. ఆ తర్వాత 400 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 600, 1000 నంబర్లకు వెళ్లు. కాగితాన్ని తడిపి రుద్దితే పొడి లేచి ఊపిరితిత్తుల్లోకి పోదు.

తోక దగ్గర జిగురు గాజులా మెరుస్తోంది, చుట్టూ తెల్లటి పొగ పట్టినట్టుంది. అది సూపర్ గ్లూ. విడదీయాలంటే బొమ్మను కవర్లో పెట్టి కొన్ని గంటలు ఫ్రీజర్‌లో ఉంచు. చలికి ఆ జిగురు పెళుసెక్కుతుంది, నెమ్మదిగా కదిపితే చాలాసార్లు ఊడుతుంది. రాకపోతే బలవంతం చేయకు. పైలట్ మీది అద్దాన్ని ఫెవికాల్‌తో అంటించి ఉంటే గోరువెచ్చని నీళ్లలో నాననివ్వు. మరిగే నీళ్లలో వేస్తే ప్లాస్టిక్ వంకరపోతుంది.

టేపు వదిలిన జిడ్డుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పనికొస్తుంది. ఇయర్ బడ్‌కు కొద్దిగా అద్దుకుని, ముందు కనబడని చోట రాసి చూడు. రంగునూ, డెకాల్స్ అనే అంటించిన గుర్తులనూ అది లేపేయగలదు. నీ విమానం పక్కన యూఎం అన్న అక్షరాలున్నాయి. అవి నిజాం విరాళంతో హైదరాబాద్ పేరు పెట్టుకున్న బ్రిటిష్ వాయుసేన 152వ స్క్వాడ్రన్‌వి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దళం స్పిట్‌ఫైర్లు నడిపింది. ఆ పాత డెకాల్ చెదిరితే అలాంటిదే మళ్లీ దొరకడం కష్టం. ఆల్కహాల్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి, చేతులకు గ్లౌజులు వేసుకో. దేవుడి దీపానికీ గ్యాస్ పొయ్యికీ దూరంగా కూర్చో.

ఇంకొక్క మాట. పెద్దవాళ్లు చేసిపెట్టిన పని మన చేతికి వచ్చినప్పుడు అందులోని లోపాలే ముందు కంటపడతాయి, మన నేర్పు చూపించాలని తొందర పుడుతుంది. ఒకసారి కరిగిపోయింది తిరిగి రాదన్న ఎరుకే ఆ తొందరకు పగ్గం. బొమ్మ విషయంలోనే కాదు, ఇంట్లో మనుషుల విషయంలోనూ ఇది గుర్తుంచుకో. పైపైన అంటినదాన్ని ఓపికగా తీసెయ్. ఒకటిగా కలిసిపోయిన దాన్ని గౌరవించు.

విమానం పొట్ట కింద జిగురులో మీ నాన్న బొటనవేలి ముద్ర పడి ఉంది. దాన్ని అరగదీయాలా, ఉంచాలా అన్నది నువ్వొక్కడివే తేల్చకు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగి, ఆ తర్వాతే వాటర్ పేపర్ చేతిలోకి తీసుకో.

ఇట్లు,
మీ పెదనాన్న