పక్కవాళ్ల గీత

ఫోర్ట్ కొచ్చి ఒడ్డున చైనా వలలు వేసేవాళ్లు యాత్రికుల్ని పిలుస్తుంటారు, మీరూ ఓ చెయ్యి వెయ్యండి అని. సరదాగా తాడు లాగుతాం, ఫొటో దిగుతాం, ఎంతో కొంత చేతిలో పెట్టి వస్తాం. వల పైకి లేస్తుంది. మనం లాగబట్టే లేచిందా? కాదు. అవతలి కొసన కట్టిన బండరాళ్ల బరువు, ఆ నలుగురైదుగురు జాలర్ల చేతిబలం కలిసి లేపాయి. మనం తాడు పట్టుకుని నిలబడ్డామంతే.

అదే ఒడ్డున, నడిచి వెళ్లేంత దూరంలో ఆస్పిన్‌వాల్ హౌస్ ఉంది. ఒకప్పుడు మిరియాలు, కొబ్బరినూనె ఎగుమతి చేసిన కంపెనీ గోదాములవి. 2012 డిసెంబరు 12న కొచ్చి-ముజిరిస్ బినాలె అనే కళోత్సవం మొదలైంది అక్కడే. ఈమధ్య కళోత్సవాలన్నిటిలోనూ ‘చూడ్డానికి వచ్చినవాళ్లతో చేయించడం’ ఒక ముచ్చట అయింది కదా, అలాంటిది ఎక్కడ కనబడినా నాకు ఆ తాడే గుర్తొస్తుంది. నేను చెయ్యి వెయ్యకపోతే ఈ పని ఆగేదా? లేక నా సంబరం కోసం తాడు కొస అందించారా?

2016లో అక్కడ చిలీ కవి రౌల్ సురీతా ఒక గోదాము నేలంతా సముద్రపు నీళ్లు పెట్టించాడు. ప్యాంట్లు మడిచి, కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని నడిస్తే తప్ప అవతలి గోడ మీది కవిత దగ్గరికి చేరలేం. సిరియా యుద్ధం నుంచి పారిపోతూ 2015లో సముద్రంలో మునిగిపోయిన గాలిప్ కుర్దీ అనే పిల్లవాడికి ఆయన దాన్ని అంకితమిచ్చాడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తమ్ముడు ఆలన్ ఫొటో లోకమంతా చూసింది. అన్న సంగతి అడిగినవాళ్లు తక్కువ. అక్కడ మనం గీసేదీ చేసేదీ ఏమీ లేదు, కాళ్లు తడుపుకోవడమే. అయినా ఆ తడి లేకుండా ఆ కవిత అందదు. చేతికి రంగులిచ్చి కూర్చోబెట్టిన చాలా చోట్ల కన్నా అక్కడే నాకు ఎక్కువ పని పడినట్టనిపించింది.

తర్వాతి బినాలె 2018 డిసెంబరులో, వరదలు కేరళను ముంచెత్తిన నాలుగు నెలలకు మొదలైంది. క్యూరేటర్ అనితా దూబే. పరాయితనం లేని బతుకు సాధ్యమా అన్నది ఆవిడ ఎత్తుకున్న ప్రశ్న. అందులో బీజింగ్ కళాకారుడు సాంగ్ డాంగ్ వచ్చినవాళ్ల చేతికి కుంచె, నీళ్లు ఇచ్చాడు. గోడ మీద ఏదైనా రాసుకోవచ్చు, ఆరిపోతుంది. (కొచ్చి ఉక్కపోతలో అదీ తొందరగా ఏం ఆరదు లెండి.) చిన్నప్పుడు సిరా, కాగితం ఖర్చు కలిసొస్తుందని ఆయన తండ్రి రాతి మీద నీళ్లతో అక్షరాలు దిద్దించేవాడట. 1995 నుంచి ఆయన తన డైరీ కూడా రాతి మీద నీళ్లతోనే రాస్తూ వచ్చాడు.

మిగలదని తెలిస్తే ఎవరికీ బెరుకుండదు. అది మంచిదే. కానీ ఆయనకు ఏళ్ల తరబడి సాగిన సాధన మనకు ఐదు నిమిషాల ముచ్చట. నా గీత ఆరిపోయాక గోడ దగ్గరికి వచ్చినవాళ్లకు నాతో పనేముంది? నా తప్పును భరించే అవసరం ఎవరికీ లేదు, ఎవరి తప్పునూ నేను భరించలేదు. పరాయితనం ఆ మేరకు అలాగే ఉండిపోయింది కదా అనిపించింది.

అది పోవడం చూసింది అక్కడ పిల్లల కోసం నడిపే ఆర్ట్ రూములో. నేల మీద పొడుగాటి గుడ్డ పరిచి రంగులు పెట్టారు. మాతో వచ్చిన పిన్నిని కూర్చోమంటే “నాకు బొమ్మలేం వచ్చే!” అంది. రోజూ వాకిట్లో అంతంత ముగ్గులు పెట్టే మనిషి! చివరికి ఒక మూల కూర్చుని ఏడు చుక్కలు, నాలుగు దాకా సందు చుక్క పెట్టుకుంది. మెలిక సగం తిప్పేసరికి, పక్కన పడవ వేస్తున్న మలయాళీ పిల్లాడి తెడ్డు వచ్చి రెండు చుక్కల మీద పడింది. నీలం రంగు, బాగా మందంగా.

పిన్ని కుంచె ఆగిపోయింది. కలిసి చేయడమనే పని మొదలయ్యేది ఆ ఆగడం దగ్గరేనని నా నమ్మకం. అంతవరకూ జరిగింది పక్కపక్కన కూర్చుని ఎవరి బొమ్మ వాళ్లు వేసుకోవడమే. ‘మనసులో ఉన్నది వెయ్యండి’ అని నిర్వాహకులు అందరికీ చెబుతారు. మనసులో ఉన్నది వేయడానికి ఇంట్లో కాగితం చాలు. మనం అనుకోనిది, చెరపడానికి వీల్లేనిది మన గీతకు అడ్డం వచ్చినప్పుడు ఏం చేస్తామన్నది మాత్రం పదిమందిలో కూర్చుంటే గానీ తెలియదు. అలా పుట్టిన బొమ్మ అందంగా ఉంటుందని నేననను. చాలాసార్లు ఉండదు. ఆ గుడ్డను ఫ్రేము కట్టించి గోడకు తగిలించమంటే నేనూ ఒప్పుకోను.

పిన్ని కాసేపు చూసి, పోయిన చుక్కల బదులు తెడ్డు చుట్టూనే మెలిక తిప్పేసింది. పిల్లాడికి అది నచ్చలేదు. మలయాళంలో ఏదో గట్టిగా అని, తెడ్డును ఇంకో జానెడు పొడిగించాడు. “వీడి దుంప తెగ, మళ్లీ నా మీదికే వస్తున్నాడు చూడు” అంటూ పిన్ని ఎర్ర రంగు డబ్బా దగ్గరికి లాక్కుంది.