ఎవరి ఒప్పందం పవిత్రం?

కూలిపోతున్న పెద్ద కంపెనీని ప్రభుత్వం ఆదుకోవాలా, వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా అర్థశాస్త్రజ్ఞులు రెండు పక్షాలుగా చీలిపోతారు. తప్పు చేసినవాడు ఫలితం అనుభవించవలసిందే అంటుంది ఒక పక్షం. వాడితోపాటు లక్షలమంది మునుగుతారే అంటుంది రెండవది. రెండూ నిజమే. కాని ఆదుకోవడమంటే ఎవరిని ఆదుకోవడం? నా ప్రశ్న ఇది.

అమెరికా సంగతి చూద్దాం. 2008 సెప్టెంబరు 15న లేమాన్ బ్రదర్స్ దివాలా తీసింది; ప్రభుత్వం చేయి అందించలేదు. మర్నాడే ఎ.ఐ.జి. అనే బీమా కంపెనీకి కేంద్ర బ్యాంకు 8,500 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. ఇతరుల బాకీలు మునిగితే తాను చెల్లిస్తానని, తగిన నిధి చేతిలో లేకుండానే పూచీలు రాసి అమ్మిన కంపెనీ అది. (మన ఊళ్ళో ఆస్తి లేనివాడు పదిమందికి హామీ సంతకం పెడితే ఏమంటారో పాఠకులకు తెలుసు.) ఆ పూచీలు కొన్న పెద్ద బ్యాంకులకు పైసా తగ్గకుండా ముట్టింది. ఒక్క గోల్డ్‌మన్ శాక్స్‌కే దాదాపు 1,290 కోట్ల డాలర్లు! 2009 మార్చిలో, నష్టం తెచ్చిన ఆ విభాగంవారికే 16.5 కోట్ల డాలర్ల బోనసు పంచారు. ప్రజలు మండిపడితే ఏలినవారి జవాబు: అవి ముందే రాసుకున్న ఒప్పందాలు, భంగపరచరాదు.

సరే, ఒప్పందం పవిత్రమే అనుకుందాం. అదే సంవత్సరం అదే ప్రభుత్వం జనరల్ మోటార్స్ కార్ల కంపెనీని ఆదుకుంది. అక్కడి కార్మికులకూ ఒప్పందం ఉంది. సాయం కావాలంటే దాన్ని తిరగరాయాలన్నారు. కరువుభత్యం ఆగింది, బోనసు పోయింది, 2015 దాకా జీతాల కోసం సమ్మె చేయబోమని సంఘం మాట ఇవ్వవలసివచ్చింది. చేతికి నూనె మరక ఉన్నవాడి సంతకానికి విలువ తక్కువ కాబోలు!

ఎ.ఐ.జి. మీద ఖజానాకు చివరికి లాభమే వచ్చిందిగదా, కార్ల కంపెనీ మీదనే సుమారు 1,100 కోట్ల డాలర్లు పోయాయిగదా అంటారు. అది వడ్డీవ్యాపారి లెక్క. ఆ లెక్క ప్రకారం పోతే ఫ్యాక్టరీని, దాన్ని నమ్ముకున్న ఊళ్ళను బతికించడం పొరపాటు, జూదాన్ని బతికించడం ఘనకార్యం అవుతుంది. నేను ఒప్పుకోను.

ఇక మన హైదరాబాదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి దొంగలెక్కలు ఒప్పుకున్నాడు. కేంద్ర ప్రభుత్వం ఖజానా విప్పలేదు. పాలకవర్గాన్ని తొలగించి, తన డైరెక్టర్లను కూర్చోబెట్టింది. ఏప్రిల్‌లో కంపెనీ వేలంలో టెక్ మహీంద్రా చేతికి పోయింది. సంస్థ బతికింది, యజమాని దిగాడు. ఆ వరకు నాకు నచ్చింది. అయినా కొద్ది నెలల్లోనే కొన్ని వేలమంది ఉద్యోగులను మూలవేతనం మీద ఇంటికి పంపారు. వాళ్ళ నియామకపత్రాల పవిత్రత గురించి ఏ మంత్రీ మాట్లాడినట్టు నేను చదవలేదు.