బావగారి బరువు, అక్కయ్య నిద్ర

నాయనా, మీ నాన్న, మా బావగారి డిశ్చార్జి కాగితంలో ‘డీకంపెన్సేటెడ్ హార్ట్ ఫెయిల్యూర్’ అని చూసి హడలిపోయావట. గుండె ఆగిపోవడం కాదురా అది. నీరసించిన గుండెను ఇన్నాళ్లూ ఒళ్లే కాచుకుంటూ వచ్చింది. గుండె వేగంగా కొట్టుకుంది, రక్తనాళాలు బిగుసుకున్నాయి, మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ బయటికి పోనీయలేదు. అలా కొంతకాలం గడిచింది. చివరికి ఆ సర్దుబాటే గుండెకు మోయలేని బరువైంది. నిలిచిన నీరు కాళ్లలోకీ ఊపిరితిత్తుల్లోకీ చేరింది. సర్దుకోవడం ఇక ఒంటివల్ల కాలేదని ఆ మాటకు అర్థం.

ఆస్పత్రిలో నీరు తీసి పంపారు. మళ్లీ చేరకుండా చూసుకోవలసింది మనం. రోజూ పొద్దున్నే, మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బావగారి బరువు చూసి క్యాలెండరు మీద రాయించు. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. రాత్రి ఆయాసంతో లేచి కూర్చుంటున్నారా, తలకింద ఇంకో దిండు అడుగుతున్నారా, నువ్వే కనుక్కో. ఆయన ‘గ్యాస్’ అంటారు తప్ప చెప్పరు. కూర్చున్నా ఊపిరి అందకపోతే 108కి చెయ్యి.

కూరలో ఉప్పు తగ్గించి పక్కన ఆవకాయ, అప్పడం, ఊరుమిరపకాయ పెడితే ప్రయోజనం లేదు. ఆరోగ్యవంతులకే రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటివి తేవద్దు. అవి ఒంట్లో నీటిని నిలిపేస్తాయి. బస్సు ప్రయాణం ఉందని మూత్రం మాత్ర మానేస్తారు చాలామంది. మానకూడదు, వేళ మార్చవచ్చేమో డాక్టరును అడగాలి.

డిశ్చార్జి కాగితంలోని ఆ ‘డీకంపెన్సేటెడ్’ మాటే మానసిక వైద్యులూ వాడతారు. ఎలాగో నెట్టుకొస్తున్న మనిషి ఇక తట్టుకోలేక కుప్పకూలితే అదీ డీకంపెన్సేషనే. నిజం చెప్పనా, నా బెంగంతా మీ అమ్మ మీదే, మా అక్కయ్య మీదే. రాత్రంతా ఆయన ఊపిరి వింటూ కూర్చుంటోంది. అడిగితే ‘నాకేంట్రా’ అంటుంది. అన్నం సయించడం లేదు, చిన్నమాటకే కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. దీన్ని అలసట అని కొట్టిపారెయ్యకు. టెలీ మానస్ 14416కి ఏవేళ చేసినా డబ్బు తీసుకోకుండా మాట్లాడతారు, తెలుగులోనే. అవసరమైతే డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను.

ఈ శనివారం బరువు చూసే మిషను పట్టుకుని ఊరికి వెళ్లు. రెండు రాత్రులు నువ్వు నాన్న దగ్గర పడుకుని, అక్కయ్యను మా ఇంటికి పంపు.